ద్రాక్షతీగ ఫర్మా

బ్రహ్మచారి కార్ఖానాలో అడుగుపెట్టేసరికి అతని బల్ల దగ్గర యేసురాజు నిలబడి ఉన్నాడు.

బల్ల మీద ఉన్న చిత్రిక బ్రహ్మచారిది కాదు. గోడ మేకులకు వరసగా వేలాడే అతని ఉలులన్నీ ఒక గోనెగుడ్డలో చుట్టి బల్ల కింద పెట్టి ఉన్నాయి. యేసురాజు తలెత్తి చూసి, చేతిలోని కొయ్యసుత్తి ఎక్కడ పెట్టాలో తోచనట్టు అటూ ఇటూ కదిలాడు.

"అన్నా, సార్ కొన్ని దినాలు ఈడ చేస్కోమన్నడు. గంతే."

"చేస్కో రాజూ. నేనేమన్న అంటున్ననా?"

అంటూనే బ్రహ్మచారి కుడిచేతిని ప్యాంటు జేబులోకి తోసుకున్నాడు. ఆ చేతికి చూపుడువేలు, నడిమివేలు సగానికే ఉన్నాయి. వానాకాలం మొదట్లో ప్లానర్ మిషన్ మీద పలక తోస్తుంటే ముడి అడ్డుపడింది. పలక ఎగిరింది, చెయ్యి ముందుకు జారింది. కుట్లు మానిపోయాయి. కొత్త చర్మం మాత్రం ఇంకా ఎర్రగా, పసిపిల్ల బుగ్గలా పల్చగా ఉంది.

యజమాని దేవానందం గది లోంచి స్వయంగా లేచి వచ్చాడు. పాలకొల్లు వైపు నుంచి ఎప్పుడో సికింద్రాబాదు వచ్చి, బోయిగూడ కలప డిపోల మధ్య ఈ ఫర్నిచర్ కార్ఖానా పెట్టుకున్న మనిషి. మాటలో ఆ గోదావరి సాగు ఇంకా పోలేదు.

"రండి చారిగారూ, రండి. మానిందా? గేటు దగ్గర మీకు కుర్చీ వేయించానండీ. లారీల్లో వచ్చే కలప చూసి మంచిదో కాదో చెప్పండి, చాలు. జీతం ఎప్పట్లాగే. మీ కన్ను కావాలి నాకు."

బ్రహ్మచారి తల ఊపాడు. "మరి ద్రాక్షతీగ పని ఎవరు చేస్తున్నరు సార్?"

దేవానందం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వాళ్ళ చర్చిలో బలిపీఠం ముందు జనం మోకరించే చోట నడుమెత్తు చెక్క అడ్డం ఒకటి కట్టాలి. టేకు పలకలు వరసగా బిగించి, వాటి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ద్రాక్షతీగ పొదగాలి. ఆకులు తెల్లని గుమ్మడిటేకుతో, పండ్లు నల్లని షీషంతో. వేళ్ళు తెగకముందు ఆ తీగను కాగితం మీద గీసింది బ్రహ్మచారే. చర్చి కమిటీ ఆ బొమ్మ చూసి మెచ్చి, ఈ పని దేవానందానికి ఇచ్చింది.

"తీగ మానేద్దామనుకుంటున్నామండీ. రాజు ఒక పలక మీద ప్రయత్నం చేశాడు, ఆకుల కొనలు చీలిపోయాయి. అన్ని పలకలూ ఉలితో చెక్కాలంటే మీరే ఉండాలి. చర్చి ప్రతిష్ఠ దగ్గరికొచ్చేసింది. సాదా పలకలు పెట్టి పాలిష్ బాగా వేయిస్తే సరిపోతుందిలెండి."

ఎంత దయగా చెప్పాడంటే బ్రహ్మచారికి కోపం రావడానికి సందు దొరకలేదు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాక వచ్చింది. ఎదురుగా లారీ లోంచి దుంగలు దించుతున్నారు. హమాలీలు "చారన్నా, గిది ఎట్లుంది?" అని అడిగితే, కూర్చున్నచోటి నుంచే "లోపల పగులున్నది, పక్కకెయ్యి" అన్నాడు. అది నిజంగానే పగిలిన దుంగ. ఆ సంగతి అతనికి ఏ మాత్రం సంతోషం కలిగించలేదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయాక గోనెగుడ్డ విప్పి సన్నఉలి తీశాడు. ఉలిని నడిపేది చూపుడువేలు. అది సగమే మిగలడంతో ఉలి బొటనవేలి కింద పక్కకు తిరిగిపోయింది. మరోసారి పట్టాడు. చెక్క మీద నుంచి జారి బల్ల అంచులో దిగింది. ఉలిని తుడిచి, మళ్ళీ చుట్టి, ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

మర్నాడు అదే వేళకు అతని చూపు అలమర అడుగున ఉన్న రౌటర్ మీద పడింది.

తలుపుల అంచులు గుండ్రంగా కొట్టడానికి దేవానందం కొన్న మిషన్ అది. చిన్న డేక్సా గిన్నెలా ఉంటుంది. రెండు పక్కలా రెండు గుండ్రటి పిడులు, అడుగున నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ కోసే బిట్టు. బ్రహ్మచారి దాన్ని ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. దాని కేకకు చెవులు మూసుకుని "గది పనిముట్టు గాదు, పిశాచం" అనేవాడు. ఇప్పుడు బల్ల మీద పెట్టి రెండు పిడులూ పట్టుకుని చూశాడు. కుడి పిడి అరచేతిలో పూర్తిగా ఒదిగింది. బొటనవేలు ఇటు, మిగిలిన రెండు వేళ్ళు అటు. లేని వేళ్ళ అవసరం అక్కడ పడలేదు. బరువంతా చెక్కే మోస్తోంది.

స్విచ్ వేశాడు. పనికిరాని ముక్క మీద ఊరికే ఆకు ఆకారంలో తిప్పబోతే మిషన్ తన ఇష్టం వచ్చిన దారి పట్టింది. ఆపి, కాసేపు ఆలోచించాడు. పల్చటి ప్లైవుడ్ ముక్కలో ఆకు ఆకారంలో ఒక రంధ్రం కోసి ఫర్మా చేశాడు. దాన్ని చెక్క మీద బిగించాడు. రౌటర్ అడుగున బిట్టు చుట్టూ బుష్ అనే చిన్న గొట్టం ఉంటుంది. ఆ గొట్టం ఫర్మా అంచును రాసుకుంటూ పోయేలా నడిపాడు. ఈసారి బిట్టు ఎటూ పోలేదు. గీత దాటే వీలే లేదు దానికి. చుట్టూ తిరిగి, మధ్యలో మిగిలింది కూడా తీసేసి మిషన్ ఎత్తితే, చెక్కలో సమానమైన లోతున ఆకు గుంత.

అదే ఫర్మా గుమ్మడిటేకు పట్టీ మీద బిగించి చుట్టూ తిప్పాడు. తెల్లని ఆకు విడివడి వచ్చింది. దాన్ని గుంతలో పెట్టాడు.

ఆకు గుంతలో వదులుగా కదిలింది. చుట్టూ ఒకే వెడల్పున సందు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి రెండు ముక్కలూ భార్య విమలమ్మ కుట్టుమిషన్ మీద పెట్టాడు. ఆమె జాకెట్లు కుడుతుంది. గోడ మేకుకు కాగితపు ఫర్మాలు గుత్తిగా వేలాడుతుంటాయి. మిషన్ ఆపి, ఆకును గుంతలో పెట్టి, చెవి దగ్గర ఆడించింది.

"గలగలంటున్నదేంది?"

"గదే సమజైతలేదు. రెండూ ఒక్కటే ఫర్మాతోని కోసిన. ఒకదాంట్ల ఒకటి ఎందుకు కూసోదు?"

"ఆ కోసే బిట్టు ఏది?"

చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె బిట్టును ఆకుకూ గుంత అంచుకూ మధ్య ఉన్న సందులో నిలబెట్టింది. సరిగ్గా పట్టింది. ఆకు చుట్టూ జరుపుకుంటూ పోయింది. ప్రతిచోటా సరిగ్గా అంతే.

"ఇగో, నీ బిట్టు నడిచిన తొవ్వ ఇది. రెండుసార్లూ గదే తొవ్వల నడిచింది. గుంత కోసినప్పుడు తొవ్వ గుంతల కలిసింది. ఆకు కోసినప్పుడు ఆకు తొవ్వకు లోపల మిగిలింది. మరి నడుమ తొవ్వంత సందు రాదా?"

బ్రహ్మచారి ఆమె ముఖం వంక చూశాడు. "అయితే గుంతకు చిన్న ఫర్మా ఇంకోటి కొయ్యాల్నా?"

"రెండు ఫర్మాలు కోస్తే రెండు తీర్ల ఆకులొస్తయి. జాకెట్‌కు నేను కాగితం మారుస్తనా? కాగితం ఒక్కటే. కుట్టుకు ఎంత ఇడువాలెనో గదే మారుస్త. అస్తర్‌కు ఒక తీరు, పై బట్టకు ఒక తీరు."

అతను బిట్టును తీసుకుని వేళ్ళ మధ్య తిప్పుతూ మెల్లగా అన్నాడు. "గొట్టానికి అంగీ తొడగాలె, విమలా. రింగు. బిట్టెంత లావుందో రింగు గంత మందం. గుంత కోసేటప్పుడు తొడిగితే గొట్టం లావైతది, గుంత చిన్నగొస్తది. ఆకు కోసేటప్పుడు తీసేస్త."

"నేను చెప్పింది గదే గద," అని ఆమె మళ్ళీ మిషన్ తొక్కింది. కానీ ఆ జాకెట్ చెయ్యి తిరగేసి కుట్టింది, విప్పాల్సివచ్చింది.

పొద్దున్నే రాణీగంజ్‌లో లేత్ మిషన్ ఆయన చేతిలో బిట్టూ బుష్షూ పెట్టి ఇత్తడి రింగు చేయించుకున్నాడు. మధ్యాహ్నం అన్నాల వేళ రింగు తొడిగి గుంత కోశాడు. రింగు తీసి ఆకు కోశాడు. ఆకు అంచు మీద ఆగింది, లోపలికి దిగనన్నది. రింగు వెంట్రుకవాసి మందం ఎక్కువైంది. ఉప్పుకాగితంతో రింగును రుద్ది, మళ్ళీ కోశాడు. ఇంకా పట్టుగా ఉంది. మళ్ళీ రుద్దాడు. నాలుగో గుంత మీద ఆకు పెట్టి బొటనవేలితో నొక్కితే, గాలి 'ఉష్' మని బయటికి పోయి, ఆకు లోపలికి దిగి కూర్చుంది.

బ్రహ్మచారి ముక్కను తలకిందులు చేశాడు. ఆకు పడలేదు. ఒక్కడే నవ్వుకున్నాడు.

అప్పుడే ఎవరో ప్లగ్గు పీకారు. దేవానందం. ముఖం పాలిపోయి ఉంది.

"ఏం పనండీ ఇది! ఒకసారి అయింది చాలదా? ఆ చేత్తో మిషన్ పడతారా?"

"సార్, ఒక్కపారి గిది చూడుండ్రి..."

"చూడను. మిగతా వేళ్ళు కూడా పోతే మీ ఆవిడకి నేనేం జవాబు చెప్పాలి? నా కార్ఖానాలో మీరు మిషన్ ముట్టుకోవడానికి వీల్లేదు. అంతే."

వైరు చుట్టి, రౌటర్‌ను తన గది బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. భోజనాల నుంచి తిరిగొస్తున్న వాళ్ళంతా ద్వారం దగ్గర ఆగిపోయారు. బ్రహ్మచారి వాళ్ళ మధ్య నుంచి నడిచి గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సగంలో చెయ్యి కడుక్కున్నాడు. విమలమ్మ గుచ్చిగుచ్చి అడిగి, జరిగిందంతా చెప్పించింది.

తెల్లారి కార్ఖానా తెరిచేసరికి ఆమె అతని పక్కనే నడిచి వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని ఉంది. ఆకు దిగిన చెక్కముక్క చేతిలో ఉంది. తిన్నగా దేవానందం గదిలోకి పోయింది. వెనక బ్రహ్మచారి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"సార్, నాకు జవాబు చెప్పాలన్నరట. నేనే వచ్చిన."

దేవానందం కుర్చీలోంచి లేచాడు. "కూర్చోండమ్మా. ఆయన మంచికేనండీ నేను..."

"నాకెరుకే సార్. మీ మనసు మంచిది. దవాఖానకు దినాం వచ్చిండ్రు, మేం మర్చిపోలేదు. కానీ ఒక్క మాట. ప్లానర్ మిషన్ మీద మనిషి చెయ్యి కత్తి దిక్కు పోతది. ఈ మిషన్‌కు రెండు చేతులూ పిడుల మీదనే ఉండాలె. ఒక్క చెయ్యి తీసినా అది నడవది. ఇగ చెయ్యి కత్తి కిందికి ఎట్ల పోతది, మీరే చెప్పుండ్రి."

దేవానందం చూపు బీరువా మీదికి పోయింది.

"గేటు కాడ కూసునే మనిషి ఇంటికొచ్చి అన్నం తింటలేడు సార్. వేళ్ళు పోయిననాడు సుత తిన్నడు." ఆమె చెక్కముక్కను బల్ల మీద పెట్టింది. "దీన్ని జెర చూడుండ్రి."

ఆయన చూశాడు. ఎత్తి కిటికీ వైపు తిప్పాడు. బీరువా తాళంచెవి తీశాడు.

"ఒక్క పలక. రేపు సాయంత్రానికి. నేను దగ్గరుండి చూస్తాను. నాకు భయం వేస్తే ఆపేస్తాను."

విమలమ్మ ఇంటికి పోలేదు. తీగ బొమ్మను ప్లై మీదకి దించింది ఆమే. జాకెట్ మీద దారపు పని చేసినంత శ్రద్ధగా చుక్కలు పెట్టి, చుక్కలు కలిపింది. బ్రహ్మచారి ఆ గీతల వెంట సన్నరంపంతో కోశాడు. అంచులు నున్నగా రుద్దాక, ఆమె ఒక పల్చని మల్లుగుడ్డ తీసి ఫర్మా అంచుల వెంట లాగింది. గుడ్డ పోగు ఎక్కడ తట్టుకుంటే అక్కడ పెన్సిలుతో గుర్తు. అతను అక్కడ మళ్ళీ రుద్దాడు. ఫర్మాలో మిట్ట ఉంటే ప్రతి పలకలోనూ ఉంటుంది.

"తీగ ఈ కొసకు ఎంత ఎత్తుల పోతున్నదో, ఆ కొసకు గంతే ఎత్తుల రావాలె," అన్నదామె. "అంచు కలిపి కుట్టినట్టు. లేకుంటే పలక పలకకు తెగిపోతది."

మిషన్ మొదలైంది. దేవానందం స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాడు. మొదటి ఆకుకు రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించుకున్నాడు. మూడో ఆకుకు కొంచెం సడలాడు. పండ్ల గుంతలు వచ్చేసరికి ఆయనే ఊదురుగొట్టంతో పొట్టు ఊదుతున్నాడు. తీగ కోసం కోసిన సన్నటి పట్టీ వేడినీళ్ళలో నాని మెత్తబడ్డాక, విమలమ్మ దాన్ని తీగ గాడిలోకి కొంచెం కొంచెంగా వంచి కూర్చోబెట్టింది.

ఒక్కచోట పని ఆగింది. బిట్టు గుండ్రటిది, గుంతలో ఆకు కొన దాకా పోలేదు. కోసిన ఆకుకేమో కొన సూదిలా ఉంది. గుంతలో ఆ చివర పదునుగా చెక్కితే తప్ప ఆకు దిగదు. అది ఉలి పని.

బ్రహ్మచారి గోనెగుడ్డ విప్పి సన్నఉలి తీసి, యేసురాజు దగ్గరికి నడిచాడు. జేబులోంచి తీసిన కుడిచేత్తోనే అందించాడు.

"రాజూ, నా పని గీ కొన కాడికొచ్చి ఆగింది. ఈడికెల్లి నీది."

యేసురాజు ఉలిని వెంటనే అందుకోలేదు. "నేను కొనలు చీల్చిన గదన్నా."

"నిలువునా కొట్టినవు, అందుకే చీలింది. ముందుగాల అడ్డం కోత పెట్టు. జెర నింపాదిగ. నేను చెప్తుంటా."

యేసురాజు వంగాడు. బ్రహ్మచారి అతని భుజం మీద నుంచి చూస్తూ "ఇంకింత, ఇంకింత, బస్" అన్నాడు. మొదటి కొన చీలకుండా తెగింది. రెండోది ఇంకా శుభ్రంగా వచ్చింది. మూడోదానికి బ్రహ్మచారి మాట్లాడాల్సిన పని లేకపోయింది.

జిగురు ఆరాక, మర్నాడు శుక్రవారం సాయంత్రం, బ్రహ్మచారి పలక మీద చిత్రిక పట్టి, ఉప్పుకాగితం వేసి, తడిగుడ్డతో తుడిచాడు. తడి తగలగానే టేకు మీద తెల్లని ఆకులూ నల్లని పండ్లూ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. పాలిష్ వాళ్ళు బ్రష్షులు పక్కన పెట్టి వచ్చారు. దేవానందం కళ్ళు మూసుకుని గోటిని పలక మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. వెనక్కి లాగాడు.

"ఇది అతికించినట్టు లేదండీ," అన్నాడు కళ్ళు తెరిచి. "మొలిచినట్టుంది."

ఆయన పలక మీద నుంచి చెయ్యి తీసి బ్రహ్మచారి వైపు తిరిగాడు.

"పలకలన్నీ ఇలాగే చేద్దాం. కమిటీ వాళ్ళతో నేను మాట్లాడతాను. చారిగారూ, మీ బల్ల మీరు తీసుకోండి. రాజుని అటు జరుపుతాను."

"వద్దు సార్. కొనలు చెక్కింది రాజు. ఆ బల్ల ఆయనకే ఉండనియ్యుండ్రి. నాకు దాని పక్కన ఇంకోటి కావాలె." బ్రహ్మచారి తల తిప్పి విమలమ్మను చూశాడు. "ఫర్మాలు గీసేటందుకు విమలకు ఒకటి కావాలె. ఆమె పని ఆమెదే, ఆమె జీతం ఆమెదే."

"ఆడమనిషి కార్ఖానాలోనా..." అని దేవానందం మొదలుపెట్టాడు. పలక వంక చూశాడు. విమలమ్మ వంక చూశాడు. ఆమె ఫర్మా అంచు మీద పొట్టు దులుపుతోంది, ఇటు చూడటం లేదు. ఆయన మాట మార్చి అడిగాడు.

"వెలుతురు ఏ పక్క నుంచి కావాలమ్మా మీకు?"

"ఎడమ దిక్కు నుంచి సార్," అందామె.

పలకలన్నీ పూర్తయి బిగించాక, ప్రతిష్ఠ జరిగిన ఆదివారం నాడు ఇద్దరూ చర్చిలో చివరి బెంచీ మీద కూర్చున్నారు. విమలమ్మ పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుంది. యేసురాజు పాటలవాళ్ళ మధ్య నిలబడి పాడుతూ మాటిమాటికీ ఇటు చూస్తున్నాడు. ముందర ద్రాక్షతీగ ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఒక్కచోట తెగకుండా పాకింది. ఏ పలక ఎక్కడ అయిపోయిందో చేసిన బ్రహ్మచారే వెతుక్కోవాల్సివచ్చింది.

ప్రార్థన అయ్యాక దేవానందం లేచి మాట్లాడాడు. కార్ఖానా పేరు చెప్తాడని అనుకున్నారు వీళ్ళు. ఆయన "బ్రహ్మచారిగారూ, విమలమ్మగారూ, మన యేసురాజూ" అని మూడు పేర్లు చెప్పి, చివరి బెంచీ వైపు చెయ్యి చూపించాడు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. విమలమ్మ చటుక్కున కొంగు సర్దుకుంది. బ్రహ్మచారి లేచి రెండు చేతులూ జోడించాడు. అందరూ చూసేటట్టు.

తర్వాత ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి జనం వరసగా ముందుకు వెళ్ళారు. మొదటివాళ్ళలో ప్రేమమణి అనే రిటైరైన టీచరమ్మ ఉంది, బాగా పెద్దావిడ. పక్కవాళ్ళు పట్టుకుంటే మెల్లగా మోకరించింది. ముఖం ఎదురుగా ఒక ఆకు వచ్చింది. కళ్ళజోడు పైకి తోసుకుని ఆ ఆకు మీద వేలు పెట్టింది. వేలు ఆకు మీద నుంచి తీగ మీదికి పాకింది, తీగ మీద నుంచి పండ్ల గుత్తి మీదికి, అక్కడి నుంచి పక్క పలకలోకి. పక్కన మోకరించినావిడ కొంచెం ఒదిగి దారి ఇచ్చింది. పాస్టరు అయ్యగారు ద్రాక్షరసం గిన్నె పట్టుకుని ఆమె ముందు నిలబడి ఉన్నారు. ఆమె చూడనే లేదు. వరస మొత్తం తలుపు దాకా ఆగిపోయింది.

విమలమ్మ మోచేత్తో పొడిచింది. "చూస్తున్నవా? ఆమె లేస్తలేదు. లైనంత ఆగింది."

బ్రహ్మచారి ముందుకు వంగి, బెంచీ మీద రెండు చేతులూ ఆనించుకుని చూస్తున్నాడు.

"ఆగనియ్యి," అన్నాడు.